తీగకు అవతలి చెయ్యి

ఆ కొండ మీద ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చేసే పనే పేరు. గోడలు కట్టేవాడు మేస్త్రీ, ఇనుము కొట్టేవాడు కమ్మరి మామ. బట్టలు కుట్టే ఇంట్లో పుట్టిన పాపానికి, ఇంకా మాటలు రాని పిల్ల కూడా దర్జీ పాపే. పని మారితే పేరూ మారుతుంది. మేస్త్రీ నడుం పట్టేసి కిరాణా కొట్టు పెట్టుకున్న మర్నాటి నుంచే కొట్టాయన అయిపోయాడు. ఆ తర్వాత ఎవరైనా వచ్చి మేస్త్రీ ఎక్కడని అడిగితే, ఆయన ఉన్నాడో పోయాడో ఓ క్షణం ఆలోచించుకుని మరీ చెప్పేవారు. ఒక్క బ్రేకత్త విషయంలోనే ఈ పద్ధతి తప్పింది. బ్రేకు పోయి ఎన్నేళ్ళయినా ఆమె బ్రేకత్తగానే ఉండిపోయింది. ఆమెకు ఇంకో పనో, ఇంకో బతుకో ఉండొచ్చని ఎవరికీ తోచలేదు, అంతే.

అసలు ఆ ఊరు పుట్టిందే బ్రేకత్త వాళ్ళ నాన్నతో. ఆయన లోయలో రాళ్ళ క్వారీలో ఫిట్టరు. క్వారీ మూతపడ్డాక, చుట్టాలంతా పిచ్చెక్కిందన్నా వినకుండా, భార్యనూ నడిచే కొడుకునూ చంకలో కూతురునూ వెంటబెట్టుకుని కొండెక్కాడు. పైన చదునైన నేల ఉంది, ఎండని ఊట ఉంది, ఎముకలు కొరికే చలి ఉంది. మనుషులు మాత్రం లేరు. "మనుషులదేముంది, వాళ్ళే వస్తారు" అన్నాడట. వాళ్ళమ్మ ఆ మాటను జీవితాంతం ఎత్తిపొడుపుగా వాడుకుంది. కప్పు కారినా, పాలు విరిగినా, పొయ్యి అంటుకోకపోయినా "మనుషులదేముంది, వాళ్ళే వస్తారు" అనేది.

నిజంగానే వచ్చారు. మేస్త్రీ వచ్చాడు, కమ్మరి వచ్చాడు, దర్జీ దంపతులు వచ్చారు. బంగాళాదుంపలు విరగకాశాయి. అక్కడే వచ్చింది తంటా. దుంపలను కిందికి దించాలంటే కాలిబాటే గతి. మనిషి మోయగలిగినంతే బరువు, తెల్లారి బయలుదేరితే మధ్యాహ్నానికి దిగడం, మళ్ళీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కడం. పండింది సగం, కుళ్ళింది సగం. "పంట పండిందని ఏడవాలో, కుళ్ళిందని ఏడవాలో చెప్పండి, ఒకేసారి ఏడ్చేస్తాను" అంది వాళ్ళమ్మ.

అప్పుడు ఆయన తీగ వేశాడు. మూతపడ్డ క్వారీలో తుప్పు పట్టి పడున్న ఇనుప తీగనూ, పెద్ద చక్రాన్నీ, రెండు తొట్లనూ ఊరంతటి చేతా మోయించాడు. కొండ అంచున, సరిగ్గా తన ఇంటి పెరట్లో, చక్రం బిగించాడు. అక్కడి నుంచి కింద రోడ్డు పక్కన రేకుల షెడ్డు దాకా తీగ లాగాడు. ఇంజను లేదు, నూనె లేదు. దుంపలు నింపిన తొట్టి తన బరువుతో తనే కిందికి జారుతుంది, జారుతూ రెండో తొట్టిని పైకి లాక్కొస్తుంది. పైనుంచి బరువు దిగితేనే కిందనుంచి సరుకు ఎక్కుతుంది. వేగం మాత్రం పైన చక్రం దగ్గర ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. చక్రానికి చెక్క దిమ్మెలు అదిమే ఒక పొడుగాటి పిడి, దానికి ఒక మనిషి. అదే బ్రేకు.

మొదట ఆ పిడి అన్నయ్యకిచ్చారు. ఇంటికి మగపిల్లాడు, కండ ఉన్నవాడు, పైగా తొందర ఉన్నవాడు. ఆ తొందరే కొంప ముంచింది. ఓ రోజు క్యాబేజీల తొట్టిని గుర్రంలా వదిలేశాడు. కింద షెడ్డు కప్పు మీద క్యాబేజీల వాన కురిసింది. కింద సరుకు దించుకునే పెదనాన్న మంచం కిందికి దూరి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ సాయంత్రం నాన్న కొడుకును ఒక్క మాట అనలేదు. కూతురిని పిలిచి, పిడి మీద ఆమె చెయ్యి పెట్టి చూశాడు.

"వాడి చేతికి బలం ఉంది, ఓపిక లేదు. పిల్ల చేతికి ఓపిక ఉంది. రేపటి నుంచి పిడి అమ్మాయిదే" అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు. అప్పటికి ఇంకా రెండు జడలు వేసుకునే ఆ పిల్ల పొంగిపోయింది కూడా. ఓపిక ఉందని ఒక ఆడపిల్లను అంత గట్టిగా మెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తీగ మీద మాట్లాడే పద్ధతి కూడా నాన్న పెట్టిందే. అంత దూరం కేకలు వినపడవు, మంచు దిగితే చేతులూపినా కనపడదు. అందుకని కింది మనిషి ఇనుప కడ్డీతో తీగ మీద కొడతాడు. ఆ అదురు తీగ వెంట పాక్కుంటూ పైకొస్తుంది. పై మనిషి ఒక చెయ్యి పిడి మీద, ఒక అరచెయ్యి తీగ మీద ఉంచాలి. ఒక దెబ్బంటే ఆపు. రెండంటే వదులు. మూడంటే ఈ రోజుకు పని అయిపోయింది, ఇంటికి పొమ్మని. పైనుంచి జవాబుగా రెంచీతో అన్నే దెబ్బలు కొట్టాలి. "నోటితో ఎవరేం అరిచినా నమ్మకు, తీగ చెబితేనే విను" అని నాన్న ఆమెకు నూరిపోశాడు. ఆమె అదే నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, నోటితో మాట్లాడటం మాత్రం సరిగా రాలేదు.

కొన్నాళ్ళకు పెదనాన్నకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన చోటులోకి లోయ ఊళ్ళోంచి ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడట, ఎప్పుడూ ఉన్నిటోపీ పెట్టుకుంటాడట. పైవాళ్ళకు అతను కిందాయన. ఆమెకు మొదట్లో అతను టోపీ కూడా కాదు, ఒక చుక్క. కానీ అతని చెయ్యి మాత్రం మొదటి రోజే తెలిసింది. పెదనాన్న పాము కనపడ్డట్టు బాదేవాడు. ఇతను తలుపు తట్టినట్టు కొట్టాడు.

రోజులు గడిచేకొద్దీ ఆ దెబ్బల్లో ఆమెకు ఇంకేవేవో తెలియడం మొదలైంది. జ్వరమొచ్చిన రోజు దెబ్బ నీరసంగా వచ్చేది. చలికి వేళ్ళు కొంకర్లుపోతే రెండు దెబ్బల మధ్య ఎడం పెరిగేది. ఒకనాటి సాయంత్రం మూడు దెబ్బలు కొట్టి, ఆమె జవాబిచ్చాక, ఓ క్షణం ఆగి, నెమ్మదిగా ఇంకొకటి కొట్టాడు. నాలుగోది. నాలుగుకు అర్థం లేదు. కడ్డీ జారిందేమో అనుకుంది. మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా వచ్చేసరికి, ఆమె చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, రెంచీతో ఒక్కటి కొట్టి, దొంగతనం చేసినదానిలా ఇంట్లోకి పరుగెత్తింది.

ఆ నాలుగో దెబ్బ ఆ తర్వాత ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఒక్కోసారి ఆమెకు ఆలస్యమయ్యేది. వదిన పిలిచిందనో, అమ్మకు కాళ్ళు పట్టాలనో వెళ్ళి వచ్చేది. వచ్చి అరచెయ్యి తీగ మీద పెట్టేసరికి అతను అప్పుడప్పుడూ మెల్లగా కొడుతూనే ఉండేవాడు. విసుగన్నది లేదు. ఆమె జవాబు కొట్టాకే కింద షెడ్డులో దీపం వెలిగేది.

ఏడాదికోసారి తీగకు గ్రీజు రాయడానికి అతను పైకొచ్చేవాడు. అప్పుడు చూడాలి వీళ్ళ సంబడం. ఏడాదంతా రోజూ కబుర్లాడుకునే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బెల్లం కొట్టిన రాళ్ళలా ఉండిపోయేవారు. ఆమె టీ ఇచ్చేది.

"చక్కెర సరిపోయిందా?"

"సరిపోయిందండీ."

ఏడాదికి ఆ ఒక్క మాట. అతను కిందికి దిగిపోయాక, ఆ సాయంత్రం నాలుగో దెబ్బ మాత్రం కొంచెం గట్టిగా వచ్చేది.

అతని మేనమామ వచ్చి సంబంధం మాట్లాడాడు కూడా. నాన్న సంతోషించాడు. "కుర్రాడు బంగారం. నాకేం అభ్యంతరం లేదు. ఈ దుంపలొక్కటి దిగనివ్వండి" అన్నాడు. దుంపలు దిగాయి. ఆ వెంటనే బడి కప్పుకు రేకులు రావాల్సి వచ్చింది. బడంటే, నాన్న తన కొట్టంలో సగం ఖాళీ చేసి ఇచ్చిందే. వాన పడితే పిల్లలు గొడుగుల కింద ఎక్కాలు చదివేవారు. రేకులు పొడుగువి, గాలికి ఊగుతాయి, ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వాటిని పైకి తేలేదు. తెచ్చింది. ఆ తర్వాత నీళ్ళ పైపులు. పైపుల తర్వాత నాన్నకు పక్షవాతం. ఆ తర్వాత వదినకు కాన్పు. కాన్పుకు నర్సమ్మ కాలిబాటనే వచ్చింది గానీ, ఆమె మందుల పెట్టె, ఇనుప మంచం తీగ మీదే ఎక్కాయి. మేనకోడలు ఆ మంచం మీదే పుట్టింది.

ఇలా ఆ ఊళ్ళో మంచి అన్నది ఏదొచ్చినా ఆమె చేతి మీదుగానే వచ్చింది, వచ్చిన ప్రతిదీ ఆమె పెళ్ళిని ఇంకో పంటకు నెట్టింది. ఎవరూ వద్దనలేదు. "ఆ అమ్మాయి వెళ్ళిపోతే పిడి ఎవరు పట్టుకుంటారు?" అనేవారు, అంతే. కొట్టాయన అనేవాడు, దర్జీ అనేవాడు, ఊట దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు అనేవారు. ఇంకొకరికి నేర్పొచ్చు కదా అని ఒక్కరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. నిజం చెప్పాలంటే ఊరంతా తనమీదే ఆధారపడిందన్న మాట ఆమె చెవికి ఇంపుగానే ఉండేది. పైగా అతనెక్కడికి పోతాడు? కిందే ఉన్నాడు. సాయంత్రమయ్యేసరికి నాలుగో దెబ్బ వస్తోంది. ఇది అన్యాయం అని ఎవరిని పట్టుకు నిలదీయాలి? మంచి నాన్న, మంచి అన్న, మంచి ఊరు. అందరూ మంచివాళ్ళే అయి ఒక మనిషి బతుకు ఇలా జరిగిపోతే ఆ ఉక్రోషం చెప్పుకోవడానికి చోటు కూడా ఉండదు.

నాన్న పోయాక అన్నయ్య ఇంటి పెద్ద అయ్యాడు, ఊరి పెద్ద కూడా అయ్యాడు. పిడి దగ్గర పనికిరాని తొందర ఆఫీసుల దగ్గర బాగా పనికొచ్చింది. కాళ్ళరిగేలా తిరిగి రోడ్డు సాధించాడు. రోడ్డు వస్తే తీగతో పనేముంది? తీగను విప్పి ముక్కలు చేసి, కంచెలకూ వాగు మీద వంతెనకూ వాడుకుందామని ఊరంతా కూర్చుని తీర్మానించుకుంది. చివరి రోజు పెద్దవాళ్ళను పిలిచి, ఆఖరి తొట్టి దించి, ఫోటో తీయించుకుందామన్నారు.

ఆ రోజుకు కాస్త ముందు కిందాయన పైకొచ్చాడు. గ్రీజు రాసే కాలం కాదు. చక్రం దగ్గర ఆమె ఒక్కతే ఉంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టోపీ లేని అతని తల ఆమె చూడటం అదే మొదలు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది.

"తీగ తీసేస్తున్నారట" అన్నాడు.

"అవునట."

"మరి మన సంగతి?"

ఆమె పిడి వైపు చూసింది. అతను ఆమె ఇబ్బంది చూసి, మాట తేలిక చేశాడు.

"నోటితో వద్దులెండి, మనిద్దరికీ అది చేతకాదు. ఆఖరి రోజు మూడూ కొట్టాక నాలుగోది కొడతాను. మీరు తిరిగి కొడితే, ఉన్నపళంగా పైకొచ్చి మీ అన్నయ్యతో మాట్లాడి మిమ్మల్ని తీసుకెళ్తాను. కొట్టకపోతే సాయంత్రం సామాన్లు తీసుకెళ్ళే లారీలో వెళ్ళిపోతాను. మళ్ళీ వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఇది మాట."

"ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా కొట్టకుండా ఉన్నానా?" అందామె. అతనికి నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నవ్వుకున్నది అదొక్కసారే.

ఆఖరి రోజు పెరడంతా జనం. కుర్చీలు, బల్ల మీద గుడ్డ, ఫోటోలాయన. అన్నయ్య తెల్లచొక్కా వేసుకుని హడావిడిగా తిరుగుతున్నాడు. ఆమె పొద్దుటి నుంచీ పిడి వదల్లేదు. తొట్లు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. అరచెయ్యి కింద అతని దెబ్బలు ఎప్పటికన్నా స్పష్టంగా తెలుస్తున్నాయి. ఇంకొక్క తొట్టి ఉందనగా వదిన వంటింటి గుమ్మంలోంచి కేకేసింది.

"అమ్మాయ్! ఒక్కసారి ఇలా రావూ! టీ పొంగిపోతోంది, కప్పులు చాలట్లేదు, నాకు రెండు చేతులే ఉన్నాయి!"

"ఈ ఒక్కటీ దించి వస్తాను వదినా."

"అదెలాగూ మీ అన్నయ్య దించుతాడట, ఫోటో కోసం. నువ్వొచ్చి ఈ పని చూడు. నీ తీగను ఎవరూ ఎత్తుకుపోరులే!"

అన్నయ్య అప్పటికే పిడి మీద చెయ్యి వేశాడు. "వెళ్ళవే, ఈసారి క్యాబేజీలు కావులే, ఖాళీ సంచులే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆఖరి తొట్టి, తర్వాత మూడు దెబ్బలు, తర్వాత ఆయన ఎలాగూ కొడుతూనే ఉంటాడు, నేను వచ్చేదాకా ఆగుతాడు. ఎప్పుడు ఆగలేదు కనుక? ఇలా అనుకుని పిడి వదిలి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ అనుకోవడమే ఆమె జీవితంలో చేసిన తప్పు. ఇంకో తప్పు వెతికినా దొరకదు.

టీ వడకడుతుంటే చప్పట్లు వినపడ్డాయి. ఇంకో పళ్ళెం కప్పులు కడగమని వదిన చేతికిచ్చింది. కడిగింది. అప్పుడు పెరట్లోంచి మరో చప్పుడు వచ్చింది, పెద్ద పాము గడ్డిలో జారినట్టు బుస్సుమని. ఆమె చేతిలో తడి కప్పు అలాగే పట్టుకుని పరుగెత్తింది.

కమ్మరి మామ బిగింపు మర విప్పేశాడు. వచ్చిన పెద్దవాళ్ళకు చీకటి పడకముందే వెళ్ళాలట, తీగ దించడం కూడా ఫోటోలో పడాలట. మూడు దెబ్బలు రాగానే అన్నయ్య మూడు కొట్టి, తీగ మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఊళ్ళో ఎవరికైనా మూడుతో పని అయిపోయినట్టే కదా. ఆమె వంగి, గడ్డిలో పడున్న తీగ మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. రెంచీ తీసి కొట్టింది. బిగువు లేని తీగ ఏం మోస్తుంది? తడిగుడ్డను కొట్టినట్టు చప్పుడైంది. మళ్ళీ కొట్టింది. "ఇంకెందుకే కొడతావ్, అయిపోయిందిగా" అన్నాడు అన్నయ్య నవ్వుతూ. కొండ అంచుకు వెళ్ళి చూస్తే, కింద షెడ్డు ముందు నుంచి లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతోంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? నాలుగో దెబ్బ పోయిందంటే ఎవరికి అర్థమవుతుంది? అర్థమైతే అన్నయ్య, వదిన జీవితాంతం కుమిలిపోతారు. మాట ప్రకారం అతను వెళ్ళిపోయాడు, ఎక్కడికో తెలియదు, అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. రేపు అడుగుదాం అనుకుంది. ఆ రేపు చాలా ఏళ్ళు నడిచింది.

రోజూ బస్సు వాళ్ళింటి ముందే ఆగేది. ఊరంతా లోయకు వెళ్ళొచ్చేది. ఆమె మాత్రం కడుపులో తిప్పుతుందని సాకు చెప్పి ఒక్కసారీ ఎక్కలేదు. ఖాళీ షెడ్డు చూడలేకే ఎక్కలేదు. తీగలో ఒక ముక్క పెరట్లో బట్టలారేసుకోవడానికి కట్టారు. సాయంత్రం బట్టలు తీసేటప్పుడు ఆమె చెయ్యి దాని మీద కాస్త ఎక్కువసేపు ఉండేది. అది ఎవరూ గమనించలేదు. గమనించినా బట్టలు ఆరాయో లేదో చూస్తోందనుకుని ఉంటారు.

ఊరు పెరిగింది. ఆసుపత్రి గది వచ్చింది, రెండంతస్తుల బడి వచ్చింది. ఊరి నడుమ నల్లరాయి పాతి, ఈ ఊరు నిలబెట్టిన కుటుంబం అని నాన్న పనీ, అన్నయ్య పనీ చెక్కించారు. కింద చిన్న అక్షరాలతో ‘మరియు కుటుంబ సభ్యులు’ అని ఉంది. "ఆ ‘మరియు’ నేనే" అని బ్రేకత్త నవ్వేది. పాత చక్రానికి ఆకుపచ్చ రంగు వేసి రాయి పక్కనే నిలబెట్టారు. పిల్లలు దాని మీదెక్కి ఆడుకునేవారు.

చివరికి కళ్ళు మసకబారాయి. బియ్యంలో రాళ్ళు కనపడటం లేదని ఆమె, రాళ్ళు తినలేమని ఇంట్లోవాళ్ళు గొడవ పడ్డాక, కింద కళ్ళ డాక్టరుకు చూపించాల్సిందేనని మేనకోడలు పట్టుబట్టింది. ఇప్పుడామె ఊళ్ళో టీచరమ్మ, అత్త మాట వినే రకం కాదు. చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

కిందికి దిగాక బస్సు టీ కోసం ఆగింది. ఆగిన చోటే పాత రేకుల షెడ్డు. ఇప్పుడందులో సగం టీ కొట్టు, సగం ఖాళీ. గోడకు పాత టైర్లు ఆనించి ఉన్నాయి. షెడ్డు పక్కన తీగ బిగించిన ఇనుప స్తంభం ఇంకా నిలబడే ఉంది. దానికి ఓ మూరెడు తీగ వేలాడుతోంది. బ్రేకత్త బస్సు దిగి, చూడకూడదనుకుంటూనే చూసింది. టీ కొట్టామె కప్పు అందిస్తూ ఆమె చేతుల వైపు చూసి ఆగిపోయింది. ఒక అరచెయ్యి మామూలుగా ఉంది, రెండోది అడ్డంగా కాయ కాచి ఉంది.

"అమ్మా, మీరు పై ఊరి బ్రేకత్త కాదు కదా?"

"నేనే. నీకెలా తెలుసు?"

"ఆ చెయ్యి ఎలా ఉంటుందో పంచరాయన చెప్పేవాడండీ. ఒక చేతికి కాయ, ఒక చేతికి లేదు అని. మీరొస్తారని ఎన్నేళ్ళు చూశాడో!"

"పంచరాయనెవరు?"

మేనకోడలు మధ్యలో అందుకుంది. "అదేంటత్తా, పంచర్ తాత! నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు బస్సు ఆగినప్పుడల్లా మీ అత్త బాగుందా అని అడిగేవాడని నీకు ఎన్నిసార్లు చెప్పాను! ‘బాగున్నానని చెప్పు’ అనేదానివి కూడా."

చెప్పింది. నిజమే. పంచర్ తాత అడిగాడంటే, ఎవరో పెద్దమనిషి మర్యాదకు అడిగాడనుకుంది. బాగున్నానని చెప్పమంది. ఆ జవాబు అతనికి చేరింది కూడా.

"తీగ ఉన్నప్పుడు ఇక్కడ సరుకు దించుకునేవాడే కదమ్మా" అంది టీ కొట్టామె. "తీగ పోయాక పంచర్లు వేయడం నేర్చుకున్నాడు. ఆ రోజు నేనిక్కడే ఉన్నాను. లారీ హారన్ల మీద హారన్లు కొట్టింది, ఎక్కలేదు. తీగ కిందపడిపోయినా దాని మీద చెయ్యి తీయలేదు. వెళ్ళిపోతానని మాటిచ్చాను, వెళ్ళలేకపోతున్నాను అన్నాడు. పోనీ పైకెళ్ళి అడగరాదా అంటే, ఇబ్బంది పెట్టనని కూడా మాటిచ్చాను అన్నాడు. ఇక్కడే ఉండిపోయాడు. పై బస్సు వచ్చినప్పుడల్లా చేతిలో పని వదిలేసి లేచి నిలబడేవాడు. ఎందుకయ్యా అంటే, పైవాళ్ళకి పని ఎక్కువమ్మా, కొంచెం ఆలస్యమవుతుంది, అనేవాడు."

బ్రేకత్త గోడకు ఆనించిన టైర్ల వైపు తిరిగింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

టీ కొట్టామె తలదించుకుంది. "నిరుడు వానాకాలంలో జబ్బు చేస్తే చెల్లెలొచ్చి తీసుకెళ్ళింది. అక్కడే పోయాడని కబురొచ్చిందమ్మా. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. పై ఊరివాళ్ళందరికీ తెలుసు కదా."

అవును, అందరికీ తెలుసు. పంచరాయన పోయాడని బస్సు డ్రైవరు చెబితే, పాపం అని ఆమె కూడా అంది. పని మారిన మనిషికి పేరు మార్చే ఆ ఊళ్ళో, కిందాయన ఏమయ్యాడని అడిగినవాళ్ళు లేరు. ఆమే అడగలేదు. ఒక్క మాట, ఒక్కసారి, ఎవరినైనా కింద ఎవరున్నారని అడిగి ఉంటే చాలు. తీగ మీదైతే అడిగేది.

ఆమె కప్పు బల్ల మీద పెట్టి స్తంభం దగ్గరికి నడిచింది. టైర్ల మధ్య పడున్న ఇనుప కడ్డీ తీసుకుంది. పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంది. మూడు దెబ్బలు కొట్టింది. ఆగింది. నెమ్మదిగా, తలుపు తట్టినట్టు, ఇంకొకటి కొట్టింది. తర్వాత అరచెయ్యి ఆ మూరెడు తీగ మీద పెట్టి నిలబడింది.

బస్సు హారన్ కొట్టింది. మేనకోడలు వచ్చి మెల్లగా భుజం పట్టుకుంది. ఆమెకు ఏమీ తెలియకపోయినా కళ్ళు చెమ్మగిల్లాయి.

"అత్తా, రా, బస్సు వెళ్ళిపోతుంది. ఇక్కడ కొడితే పైకి వినపడదు కదా."

"వినపడినా పైన ఎవరున్నారే" అంది బ్రేకత్త. "వినాల్సినదాన్ని ఇక్కడున్నాను."

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ఆమె తీగ మీద నుంచి చెయ్యి తీయలేదు.